ఎండిన బావి సగటును బాగుచేయునా?
వేరువేరు తేదీల నీటిమట్టపు కొలతలను కలిపి లెక్కించు విధానము

మెట్టభూములలో బావి నీటిని నమ్ముకొని సేద్యము చేయు రైతుకు నవంబరు నెల పరీక్షాకాలము. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో నాటిన మిరప అప్పటికి పూతకు, కాతకు వచ్చియుండును. నైరుతి ఋతుపవనము వెడలిపోయి, ఈశాన్య ఋతుపవనపు వానలు కూడ ముగింపునకు వచ్చుచుండును. బావిలో ఉన్న నీరు చివరి కోత వరకు అందునా? దానికి తోడు రబీలో మరియొక ఎకరము ఆరుతడి పంట వేయవచ్చునా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు నీటిమట్టములో ఉన్నది. అంచనా తప్పినచో విత్తనము, ఎరువు, కూలి ఖర్చు అన్నియు ఎండిన చేనిలోనే పోవును.

పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలములో సాగర్ కాలువ నీరు ఎక్కని మెట్ట గ్రామములు పెక్కు కలవు. అచ్చటి నేల అడుగున గట్టిరాయి. నీరు రాతి పగుళ్ళలోను, చీలికలలోను మాత్రమే నిలుచును. అందుచేత ఒక చేనిలో బోరుకు నీరు పుష్కలముగా ఉండగా, ప్రక్క చేనిలోని బోరు ఎండిపోవచ్చును. ఒక్క బావిని చూచి ఊరి నీటి సంగతి చెప్పుటకు వీలులేదు. నాలుగైదు బావుల కొలతలు తీసి సగటు కట్టవలెను. ఇంతవరకు అందరును అంగీకరింతురు. చిక్కు వచ్చునది సగటు కట్టుటలోనే.

రైతులే కొలిచిన నీరు

బావి నీటిని రైతులే కొలుచుట మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 2000 దశకములో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారముతో ఆంధ్రప్రదేశ్ రైతు యాజమాన్య భూగర్భజల పథకము నడచినది. అప్పటి ఉమ్మడి రాష్ట్రములో కరవుకు లోనగు ఏడు జిల్లాలలో దీనిని అమలు జరిపిరి. అప్పట్లో బొల్లాపల్లికి పొరుగున ఉండిన ప్రకాశము జిల్లా వాటిలో ఒకటి. ఆ గ్రామములలో రైతులు వర్షమును ప్రతిదినము, బావుల నీటిమట్టమును పదునైదు దినములకొకసారి తామే కొలిచి, అందరికి కనుపడునట్లు బోర్డుపై వ్రాసెడివారు. రబీకి ముందు ఊరివారందరు కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క చూచుకొనెడివారు. ఏ పంట వేయవలెనో ఎవరును శాసింపలేదు. లెక్కను చూచి ఎవరి నిర్ణయము వారు తీసికొనిరి. లెక్క నమ్మదగినదైననే ఇట్టి పని సాగును.

కొలతలన్నియు ఒక తీరున ఉండవు

ఒక ఊరిలో నాలుగు బావుల లెక్కలు మీ చేతికి వచ్చినవనుకొనుడు. ఇది ఉదాహరణ కొరకు తీసికొన్న లెక్కయే గాని ఏ ఊరి కొలతయు కాదు. లోతులన్నియు నేలమట్టము నుండి నీటివరకు మీటర్లలో ఇయ్యబడినవి. సంఖ్య పెరిగినచో నీరు క్రిందికి దిగినదని అర్థము.

మొదటి బావి రైతు పదునైదు దినములకొకసారి కొలిచెను. అక్టోబరు 3న 8.0, 18న 8.6, నవంబరు 2న 9.2, 17న 10.0, డిసెంబరు 2న 10.9.

రెండవ బావి రైతు నెలకొకసారి కొలిచెను. అక్టోబరు 6న 11.0, నవంబరు 5న 12.5, డిసెంబరు 5న 14.0.

మూడవది స్వయముగా కొలత తీయు పరికరము అమర్చిన పీజోమీటరు. దానికి ప్రతిదినము ఒక అంకె కలదు. నవంబరు 1న 10.04; డిసెంబరు 1న 11.36.

నాల్గవది 24 మీటర్ల లోతుగల పాత బోరు. అక్టోబరు 10న 17.0, 30న 19.0, నవంబరు 19న 22.0. నవంబరు 29న మోటారు గాలి పీల్చుచుండుట చూచి టేపు వదలగా అడుగువరకు నీరు లేదు.

ఒకదానికి అయిదు కొలతలు, ఒకదానికి మూడు, ఒకదానికి దినమునకొకటి, ఒకటి నడుమనే ఆగిపోయినది. వీనిని కలుపుట ఎట్లు?

మనలను తప్పుదారి పట్టించు రెండు పద్ధతులు

మొదటిది, కొలతలను ప్రక్కప్రక్క నిలువువరుసలలో వ్రాసి అడ్డముగా సగటు కట్టుట. చూచుటకు ముచ్చటగానే ఉండును. కాని మూడవ అడ్డువరుసను పరికింపుడు. అందు మొదటి బావిది నవంబరు 2 నాటి కొలత, రెండవ బావిది డిసెంబరు 5 నాటిది, నాల్గవ బావిది నవంబరు 19 నాటిది. నెలకు పైగా ఎడమున్న అంకెలను కలిపి కట్టిన సగటు ఏ దినమునకు చెందినదో ఎవరును చెప్పజాలరు.

రెండవది, అక్టోబరు, నవంబరు నెలల కొలతలన్నిటిని ఒక్క కుప్పగా పోసి సగటు తీయుట. ఈ కుప్పలో మొత్తము 70 కొలతలుండును. అందులో 61 పీజోమీటరువే. మొదటి బావివి నాలుగు, రెండవదానివి రెండు, నాల్గవదానివి మూడు మాత్రమే. ఇది ఊరి సగటు కాదు. ఇంచుమించుగా పీజోమీటరు ఒక్కదాని సగటు. పంచాయతిలో ఎక్కువసార్లు మాట్లాడినవాని మాటనే ఊరందరి మాటగా వ్రాసినట్లుండును.

అన్నిటిని ఒకే తేదీకి తెచ్చుట

సరియైన పద్ధతి ఇది. సగటు కట్టుటకు ముందు అందరికి ఒకటే పంచాంగము పెట్టవలెను. ప్రతి నెల 1వ తేదీ, 16వ తేదీ అని నిర్ణయించుకొనుడు. ఆ తేదీన ఒక్కొక్క బావిలో నీరు ఎంత లోతున ఉండెనో, దానికి ముందు తీసిన కొలతను, తరువాత తీసిన కొలతను పట్టి కట్టవలెను.

రెండవ బావిని చూడుడు. అక్టోబరు 6న 11.0, నవంబరు 5న 12.5. నడుమ 30 దినములు, నీరు 1.5 మీటర్లు దిగినది. అనగా దినమునకు 0.05 మీటరు. అక్టోబరు 6 నుండి నవంబరు 1 వరకు 26 దినములు. 26ను 0.05తో హెచ్చింపగా 1.30. దీనిని 11.0కు కలుపగా నవంబరు 1 నాటి లోతు 12.30 మీటర్లు.

ఈ విధముగానే మొదటి బావికి నవంబరు 1న 9.16, నాల్గవ బావికి 19.30 వచ్చును. పీజోమీటరుకు ఆ దినపు కొలతయే కలదు గనుక 10.04 తీసికొనిన చాలును. నాలుగింటి మొత్తము 50.80, సగటు 12.70 మీటర్లు. ఈ సగటు నవంబరు 1వ తేదీకి చెందినది. ప్రతి బావికి ఒక్కటే ఓటు.

స్ప్రెడ్‌షీట్‌లో ఈ పని

నాలుగు బావులకు ఒక్క తేదీ లెక్క చేతితో కట్టవచ్చును. ఇరువది బావులకు, రెండు సంవత్సరములకు కట్టుట కష్టము. రైతు సేవా కేంద్రములోని కంప్యూటరుపై గాని, సెల్‌ఫోనులో గాని స్ప్రెడ్‌షీట్ తెరచి ఈ పని చేయవచ్చును.

1. ఒక్కొక్క బావికి ఒక పేజీ పెట్టి, మొదటి నిలువువరుసలో తేదీ, రెండవదానిలో లోతు వ్రాయుడు. తేదీలు పాతదానినుండి క్రొత్తదానికి వరుసగా ఉండవలెను. అసలు కొలతలున్న ఈ పేజీని ఎన్నడును దిద్దరాదు.

2. కంప్యూటరు తేదీని ఒక దినసంఖ్యగా దాచుకొనును. అందువలన ఒక తేదీ నుండి మరియొక తేదీని తీసివేసిన దినములు వచ్చును. కాని కొన్నిసార్లు తేదీని అది తేదీగా గాక ఉత్త అక్షరములుగా తీసికొనును. సాధారణముగా తేదీ గడిలో కుడివైపు నిలుచును, అక్షరములు ఎడమవైపు నిలుచును. దీనిని చూచి గుర్తింపవచ్చును. 3-10 అనునది అక్టోబరు 3 అగునో, మార్చి 10 అగునో కూడ సరిచూచుకొనవలెను.

3. వేరొక పేజీలో మన పంచాంగపు తేదీలు వ్రాయుడు. ప్రతి తేదీకి ముందు కొలత ఏ వరుసలో ఉన్నదో ‘మ్యాచ్’ అను సూత్రము వెదకిపెట్టును. దాని చివర 1 అను అంకె ఇచ్చినచో, కోరిన తేదీకి సమానమైన లేక దానికి ముందున్న ఆఖరి తేదీని అది చూపును. ఆ వరుసలోని తేదీని, లోతును ‘ఇండెక్స్’ అను సూత్రము తెచ్చును. వరుస సంఖ్యకు ఒకటి కలిపినచో తరువాతి కొలత దొరకును.

4. అయిదవ గడిలో ఈ లెక్క వ్రాయుడు: ముందు లోతు + (తరువాతి లోతు − ముందు లోతు) × (కోరిన తేదీ − ముందు తేదీ) ÷ (తరువాతి తేదీ − ముందు తేదీ). ఒక గడిలో వ్రాసి క్రిందికి లాగినచో మిగిలిన తేదీలకు లెక్క తానే వచ్చును.

5. ఇట్లు వచ్చిన లోతులను ప్రక్కప్రక్కన పెట్టి ‘యావరేజ్’తో సగటు, ‘కౌంట్’తో ఎన్ని బావులు లెక్కలో ఉన్నవో ఆ సంఖ్య తీయుడు. సగటు ప్రక్కన బావుల సంఖ్య లేకుండ ఏ పట్టికను బోర్డుకు ఎక్కింపరాదు.

ఒక మెలకువ. చివరి కొలత తరువాతి తేదీలకు ఈ సూత్రమును లాగరాదు. అచ్చట తరువాతి గడి ఖాళీ. కంప్యూటరు దానిని సున్నగా ఎంచి, చివరి లోతునే ఇంచుమించు మార్పు లేకుండ ముందుకు మోయును. తప్పు అని హెచ్చరింపదు. చూచువారికి నీరు నిలకడగా ఉన్నట్లే తోచును. కొలత ఆగినచోట లెక్కయు ఆగవలెను. ఆ తరువాతి గడులను ఖాళీగా వదలవలెను.

ఎండిన బావి చేయు మోసము

ఇప్పుడు డిసెంబరు 1వ తేదీ లెక్క చూతము. మొదటి బావికి 10.84, రెండవదానికి 13.80, పీజోమీటరుకు 11.36. నాల్గవ బావి ఎండినది. దాని గడి ఖాళీ. కంప్యూటరు ఖాళీ గడిని విడిచి, మిగిలిన మూడింటికి సగటు కట్టును. మొత్తము 36.00; సగటు 12.00 మీటర్లు.

నవంబరు 1న 12.70. డిసెంబరు 1న 12.00. బోర్డుపై ఈ రెండంకెలు చూచిన రైతు ఏమనుకొనును? నీరు 0.70 మీటరు పైకి వచ్చినదనుకొనును. మరియొక ఎకరమునకు ధైర్యము చేయును. వాస్తవమేమి? మూడు బావులలోను నీరు దిగినది, నాల్గవది పూర్తిగా ఎండినది. ఒక్క బావిలోనైనను నీరు పెరుగలేదు. అన్నిటికంటె లోతైన అంకె లెక్కనుండి తొలగుట చేతనే సగటు బాగుపడినట్లు కనిపించినది. కంప్యూటరు కూడికలో తప్పు చేయలేదు. మనము అడిగిన ప్రశ్నయే తప్పు.

ఈ మోసమునుండి తప్పించుకొనుటకు రెండు మార్గములు కలవు.

మొదటిది: రెండు తేదీలను పోల్చునపుడు రెండింటను ఉన్న బావులనే తీసికొనవలెను. డిసెంబరులో మిగిలిన మూడు బావులకే నవంబరు 1 నాటి సగటు కట్టిన 10.50 వచ్చును. అవి డిసెంబరు 1న 12.00. అనగా నెలలో నీరు 1.50 మీటర్లు దిగినది. ఇది నిజమైన మార్పు. దాని ప్రక్కనే “నాలుగింట ఒక బావి ఎండినది” అని వ్రాయవలెను.

రెండవది: ఎండిన బావికి దాని అడుగు లోతునే కనీసపు అంకెగా వేయవలెను. నాల్గవ బావి లోతు 24 మీటర్లు. నీరు అంతకంటె క్రిందనే ఉన్నది. 36.00కు 24 కలిపి నాలుగుతో భాగింపగా 15.00. అప్పుడు బోర్డుపై “సగటు 15.00 మీటర్లు లేక అంతకంటె లోతు” అని వ్రాయవలెను. నవంబరు 1న 12.70, డిసెంబరు 1న కనీసము 15.00. ఇది చూచిన రైతు కొత్త ఎకరము మాట తలపెట్టడు. ఉన్న మిరపను కాపాడుకొను ఉపాయము చూచుకొనును.

ఎండిన బావికి సున్న మాత్రము వేయరాదు. లోతు సున్న అనగా నీరు నేలమట్టమున పొంగుచున్నదని అర్థము. “ఎండినది” అని అక్షరములతో వ్రాయుడు. కొలవనిచో “కొలవలేదు” అని వ్రాయుడు. ఈ రెండును వేరువేరు సంగతులు.

ఇదే కారణమున, పాత గుంటూరు జిల్లా సగటును, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లా సగటుతో నేరుగా పోల్చరాదు. ఆ రెండు సగటులలోని బావులు ఒకటి కావు. పల్నాడులోనికి వచ్చిన బావులనే పాత లెక్కలనుండి ఏరి, వానికే సగటు కట్టి పోల్చవలెను.

ఏ కొలతల నడుమ లెక్క కట్టరాదు?

రెండు కొలతల నడుమ నీరు ఒకే వేగముతో మారినదని మనము అనుకొనుచున్నాము. వాన లేని దినములలో, పదునైదు దినములకో నెలకో ఇది చాలవరకు సరిపోవును. నడుమ పెద్ద వాన కురిసినచో సరిపోదు. వానకు ముందు దిగుచుండిన నీరు, వాన తరువాత పైకి లేచును. అట్టి ఎడములో కట్టిన లెక్కను నమ్మరాదు. అందుచేత పెద్ద వాన కురిసిన పిమ్మట వారము లోపల అదనముగా ఒక కొలత తీయుట మంచిది.

ఎడము మరీ పెద్దదైనను ఇట్లు కట్టరాదు. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలక బావులను సంవత్సరమునకు నాలుగుసార్లు, అనగా జనవరిలో, వేసవికి ముందు లేక వేసవిలో, ఆగస్టులో, నవంబరులో కొలుచును. సంవత్సరములను పోల్చుటకు ఆ కొలతలు విలువైనవి. కాని నవంబరుకు, జనవరికి నడుమ పదునైదు దినముల అంకెలు వానినుండి పుట్టింపబూనినచో, అంకెలు పెరుగునే గాని తెలివి పెరుగదు. నెలన్నరకు మించిన ఎడమును ఖాళీగానే ఉంచుడు.

వర్షమునకు, పంటకు లెక్క వేరు

నీటిమట్టము ఒక దినమున ఉన్న స్థితి. వర్షము అట్టిది కాదు. అది కూడుకొనుచు వచ్చు మొత్తము. సోమవారము 20 మిల్లీమీటర్లు, బుధవారము 10 కురిసినచో మంగళవారము 15 కురిసినదని కట్టుట హాస్యాస్పదము. వర్షమును పంచాంగపు రెండు తేదీల నడుమ మొత్తముగా కూడవలెను. వానమానిని ఉదయము 8.30 గంటలకు చూచుదురు గనుక, ఆ అంకె గడచిన 24 గంటలది. ఆదివారము చూడక సోమవారము చూచినచో అది రెండు దినముల వాన; అట్లే వ్రాయవలెను. చూడని దినమునకు సున్న వేయరాదు.

మిరప కోతల లెక్కలో మరియొక భేదము కలదు. ఒక రైతు మూడు కోతలు కోయును, మరియొకరు అయిదు. ఇద్దరును నాటిన తేదీలు కూడ వేరు. ఇచ్చట పంచాంగపు తేదీ గాక, నాటినప్పటినుండి గడచిన దినములు పట్టవలెను. ఒక్కొక్క కోతను విడిగా గాక, అప్పటివరకు వచ్చిన మొత్తము దిగుబడిని వ్రాసి, నాటిన 120వ దినమునకు, 150వ దినమునకు ఎంత వచ్చినదో పోల్చిన న్యాయముగా ఉండును.

రైతులు, గ్రామోద్యోగులు గుర్తుంచుకొనవలసినవి

ఎంత మంచి లెక్కయైనను చెడ్డ కొలతను బాగుచేయజాలదు. నీటిమట్టమును తెల్లవారుజామున, మోటారు వేయకముందే కొలువవలెను. ప్రతిసారి బావి గట్టునగాని, కేసింగు పైపునగాని ఒకే గుర్తునుండి కొలిచి, ఆ గుర్తు నేలకెంత ఎత్తున ఉన్నదో పుస్తకములో వ్రాసియుంచవలెను. ఎండిన బావిని పట్టికనుండి కొట్టివేయక, వాన వచ్చు వరకు దాని పేరు అట్లే ఉంచవలెను. కొలిచిన అంకెను, లెక్కగట్టిన అంకెను వేరు రంగులలో చూపవలెను.

గ్రామ వ్యవసాయ సహాయకులు, రెవెన్యూ ఉద్యోగులు సగటును పై అధికారులకు పంపునపుడు మూడు సంగతులు తప్పక చేర్చవలెను. ఆ సగటు ఏ తేదీకి చెందినది? ఎన్ని బావులది? అందులో ఎన్ని ఎండినవి? ఈ మూడును లేని సగటు, సంతకము లేని రశీదు వంటిది.

రబీ పంట నిర్ణయమునకు ముందే మీ ఊరి బావుల కొలతలను ఒక తేదీకి తెచ్చి, ఊరందరు చూచునట్లు బోర్డుపై వ్రాయుడు. ఎండిన బావి గల రైతు పేరు ఆ లెక్కలో తప్పక నిలువవలెను. ఊరిలో నీరు తగ్గుచున్నదని అందరికంటె ముందు చెప్పునది ఆతని బావియే.